పని ఒకడికి, సంతకం ఇంకొకడిది

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినోళ్లను ఒక్క మాట అడిగి చూడండి: "ఏ కంపెనీల పనిచేస్తున్నవ్?" అని. చాలామంది రెండు పేర్లు చెబుతారు. ఒకటి పనిచేసే సైటు పేరు. రెండోది వీసా తీసిన కంపెనీ పేరు. ఈ రెండోదాన్నే మనోళ్లు సప్లయ్ కంపెనీ అంటారు. ఈ రెండు పేర్ల నడుమ ఉన్న సందులోనే మన జీతాలు మాయమవుతున్నాయి.

సప్లయ్ కంపెనీ బిల్డింగులు కట్టదు, ఫ్యాక్టరీలు నడపదు. దాని సరుకు మనుషులే. తన పేరు మీద మనిషిని రప్పించుకుంటుంది, క్యాంపులో పెడుతుంది, గంటకు ఇంత అని సైటుకు పంపుతుంది. సైటోడు దానికి డబ్బులిస్తాడు. అది తన వాటా కోసుకుని మిగిలింది మనకిస్తుంది. సైటు పని అయిపోతే మళ్లీ క్యాంపే. పని లేదంటారు, జీతం లేదంటారు. ఊళ్లో మాత్రం నూటికి మూడు రూపాయల వడ్డీ ఆగదు.

జీతం రాలేదని సైటోణ్ణి అడిగితే "నువ్వు మా మనిషివి కాదు" అంటాడు. సప్లయ్ కంపెనీని అడిగితే "సైటోడు మాకే బిల్లు ఇయ్యలేదు" అంటుంది. పని చేయించేటప్పుడు ఇద్దరూ యజమానులే. లెక్క అడిగేసరికి ఒక్కడూ కాడు! ఊళ్లో జీతమున్న మన తాతలకు దొర గడప ఎక్కడుందో అయినా తెలుసు. వాళ్ల మనవలకు అడగాల్సిన గడప ఏదో కూడా తెలియకుండా చేశారు.

ఇదేమీ కొత్త ఎత్తు కాదు. బ్రిటిష్ కాలంలో రంగూన్ బియ్యం మిల్లులకూ ఓడరేవుకూ కోస్తా జిల్లాల కూలీలను మేస్త్రీలు తీసుకుపోయారు. ఓడ చార్జీ, అడ్వాన్సు మేస్త్రీ ఇచ్చేవాడు. కూలీ డబ్బులూ మేస్త్రీ చేతికే వచ్చేవి. అడ్వాన్సూ వడ్డీ పట్టుకుని మిగిలితే కూలీకి ఇచ్చేవాడు. మిల్లు యజమానికి మేస్త్రీతోనే లెక్క, కూలీతో కాదు.

ఇదే పద్ధతి ఇప్పుడు హైటెక్ సిటీలోనూ ఉంది. ఇక్కడ ఆఫీసు లేని అమెరికా కంపెనీ హైదరాబాద్‌లో ఇంజనీరును పెట్టుకోవాలంటే, ఇక్కడ రిజిస్టరైన ఇంకో కంపెనీని కాగితం మీద యజమానిగా పెట్టుకుంటుంది. దీనికి "ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్" అని పేరు. పని అమెరికా కంపెనీకి. జీతం చీటీ, పీఎఫ్, టాక్సు కోత ఈ కంపెనీ చూస్తుంది. ఆ ఇంజనీరుకు నచ్చకపోతే రాజీనామా రాసి ఇంకో చోట చేరతాడు. అతను ఈ దేశంలో ఉండటానికి ఆ కంపెనీ సంతకం అక్కర లేదు.

గల్ఫ్‌లో మనోడికి ఆ సంతకమే ప్రాణం. అకామా ఎవరి పేరున ఉంటే వాడే యజమాని. సౌదీ కార్మిక చట్టం 39వ అధికరణ ప్రకారం, పద్ధతి ప్రకారం అనుమతి లేకుండా ఒక యజమాని తన పనివాణ్ణి ఇంకొకడి దగ్గర పనికి పెట్టకూడదు. మనిషిని అరువు ఇవ్వడానికి అక్కడ "అజీర్" అనే రిజిస్ట్రేషన్ ఉంది. అది చేయించాల్సింది కంపెనీలు. చేయించకపోతే పోలీసులకు దొరికేది పనివాడు. బాధ పడలేక బయటపడితే కంపెనీ "హురూబ్" రాసిస్తుంది. అప్పటినుంచి వాడు ఖల్లివెల్లి. తప్పు కంపెనీది, పారిపోయినోడనే పేరు మనోడిది. ఇదేం న్యాయం?

న్యాయం చేయడం చేతకాక కాదు. మన దేశంలో 1970లో వచ్చిన కాంట్రాక్టు లేబర్ చట్టం, కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే ఇవ్వాలని రాసింది. 2020 లేబర్ కోడ్‌లోనూ ఆ మాట ఉంది. ఖతార్ 2020లో చట్టం మార్చి, పాత యజమాని అనుమతి లేకుండానే పనివాడు కంపెనీ మారొచ్చన్నది. అంటే మనసుంటే మార్గముంది. విదేశాలకు పోయే కార్మికుల మీద మన చట్టం 1983 నాటిది. దాన్ని మార్చేందుకు కేంద్రం 2025లో ముసాయిదా బయటపెట్టింది. ఏ చట్టం వచ్చినా అందులో ఈ ఒక్క మాట ఉండాలని మనం పట్టుబట్టాలి: ఒప్పందం కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉండాలి, జీతానికి ఇద్దరూ జవాబుదారీ కావాలి. గల్ఫ్ దేశాలతో చేసుకునే ఒప్పందాల్లోనూ ఇదే రాయించాలి.

అప్పటిదాకా సంఘాల బాధ్యత ఊళ్లోనే మొదలవుతుంది. పాస్‌పోర్టు ఇచ్చే ముందే ఏజెంటును అడగండి. వీసా ఎవరి పేరున? పని ఎవరి దగ్గర? పని లేని రోజులకు జీతం ఉందా? ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఉంది, అక్కడ అడగండి. ఏజెంటు ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ దాటకూడదు. విజిట్ వీసా మీద పనికి పోతే ఈ రక్షణలేవీ ఉండవు. ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో, ఒకటి సంఘం దగ్గర ఉంచండి. అక్కడికి పోయినంక ఏ రోజు ఏ సైటులో ఎన్ని గంటలు చేసిందీ రాసుకొమ్మని చెప్పండి. సైటోడు "నువ్వు మా మనిషివి కాదు" అన్న రోజున ఆ రాతే సాక్ష్యం.

మన చెమటతో మేడ కట్టించుకున్నోడు మన జీతానికి జవాబు చెప్పి తీరాలి. నడుమ ఎన్ని సంతకాలు పెట్టుకున్నా సరే.