ఆడపడుచు సంతకం ఉచితమా?

విద్యానగర్‌లో బస్సెక్కి చిక్కడపల్లి మార్కెట్‌కో, కోఠీకో వెళ్లే ఆడవాళ్ల మీద ఈమధ్య అందరి కళ్లూ పడుతున్నాయి. ‘ఫ్రీ బస్సు కదా, ఊరికే తిరుగుతున్నారు’ అని ఒకాయన అంటే, ‘అంతా మన పన్నుల సొమ్మే’ అని ఇంకొకాయన. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచీ ఈ మాటలు వింటూనే ఉన్నాం. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో అదే సదుపాయం వచ్చాక అక్కడి అక్కచెల్లెళ్లకూ ఈ మాటలు తప్పడం లేదు.

ఉచితాల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎన్నికల ప్రణాళికలో పెట్టిన హామీలు ఎన్నికల చట్టం కింద అవినీతి కిందికి రావని 2013లో చెప్పింది. ఆ తీర్పును మళ్లీ చూడాలంటూ 2022లో విషయాన్ని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపింది. పట్టణాల్లో ఇల్లులేని వాళ్ల కేసు వింటూ, ఉచితాలతో జనాన్ని పరాన్నజీవులుగా మారుస్తున్నామా అని 2025 ఫిబ్రవరిలో ఒక ధర్మాసనం ప్రశ్నించింది.

ఏళ్ల తరబడి లా విద్యార్థులకు పాఠాలు చెప్పినదాన్ని కనుక ఈ చర్చ వింటుంటే నాకో అనుమానం వస్తుంది. నలభై రూపాయల టికెట్టుకు ఇంత గోల చేసే ఇళ్లలోనే, చడీచప్పుడు లేకుండా పుచ్చుకునే ఉచితం ఒకటుంది. అది ఆడపడుచు సంతకం!

లెక్క వేసి చూద్దాం

రోజూ ఉద్యోగానికి వెళ్లే ఒకామెకు బస్సు ఛార్జీల్లో రోజుకు 40 రూపాయలు మిగులుతున్నాయనుకుందాం. నెలకు 25 రోజులేసుకుంటే వెయ్యి రూపాయలు. ఏడాదికి 12 వేలు.

ఇప్పుడు ఇంకో లెక్క. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. ఆయన స్వార్జితంతో కట్టిన ఇల్లు 80 లక్షలు చేస్తుందనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమాన వాటాలు. (నాయనమ్మ బతికి ఉంటే ఆవిడకూ ఒకటి.) అంటే కూతురి వాటా 20 లక్షలు. అంత సొమ్ము ఫ్రీ బస్సులో మిగల్చాలంటే ఆమె 166 ఏళ్లు బస్సెక్కుతూనే ఉండాలి!

అదే వాటా, పెద్దకర్మ అయిన నాలుగు రోజులకు ‘అమ్మాయ్, ఇక్కడ సంతకం పెట్టు’ అనే ఒక్క మాటతో చేతులు మారిపోతుంది. ఓ చీర పెట్టి, బొట్టు పెట్టి పంపిస్తారు. ఆ పక్కనే అమ్మ చేత కూడా సంతకం పెట్టిస్తారు. ఆవిడకూ వాటా ఉందన్న సంగతి ఆవిడకే తెలియదు.

చట్టం ఎప్పుడో ఇచ్చింది

తాతల నాటి ఉమ్మడి ఆస్తి సంగతి వేరు. అందులో పుట్టుకతో హక్కు మగపిల్లలకే ఉండేది. కూతుళ్లకూ ఆ హక్కు ఇవ్వడంలో మనవాళ్లే ముందున్నారు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమల్లోకి వచ్చింది. కాకపోతే ఆ తేదీకి ముందే పెళ్లయిన వాళ్లకు వర్తించదన్నారు. ఒకే ఇంట్లో అక్కకు లేదు, చెల్లికి ఉంది!

2005 సెప్టెంబర్ 9న కేంద్ర చట్టమే మారింది. పెళ్లయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానం అన్నారు. మరి ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా? ఈ తగువు ఇంకో పదిహేనేళ్లు నడిచింది. అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వచ్చిందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు కాగితంతోనో, కోర్టు డిక్రీతోనో అయిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడరు.

ఇదంతా హిందూ కుటుంబాల సంగతి. క్రైస్తవుల్లో వీలునామా లేకపోతే కొడుక్కీ కూతురికీ సమానం. ముస్లింలలో కూతురికి కొడుకు వాటాలో సగం. సున్నా ఎక్కడా లేదు.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే అమ్మాయిల్ని అడగండి, ఈ తేదీలు గుక్కతిప్పుకోకుండా చెప్తారు. పరీక్షలో రాయడం తేలికే. పుట్టింటి హాల్లో అన్నయ్య ఎదురుగా కూర్చుని అడగడమే కష్టం.

అడిగితే ఏమంటారు?

‘నీ పెళ్లికి కట్నం ఇచ్చాంగా’ అంటారు. 1961 చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే. ఎవరు పుచ్చుకున్నా ఆ సొమ్ము తిరిగి ఆ అమ్మాయికే చేరాలని కూడా అందులో ఉంది. అల్లుడికి ఇచ్చిన సొమ్మును కూతురి వాటాలో కోసుకోవడం ఏ న్యాయం?

‘అమ్మానాన్నల్ని చూసుకున్నది మేము’ అంటారు. ఇందులో న్యాయం ఉంది. చూసుకున్న బిడ్డకు ఎక్కువ ఇవ్వాలనుకుంటే స్వార్జితానికి తల్లిదండ్రులు వీలునామా రాయొచ్చు. చూసుకున్నది కూతురైతే ఆమెకూ అదే వర్తించాలి మరి.

‘నీకు పుట్టిల్లు కావాలా, ఆస్తి కావాలా?’ అంటారు. ఈ మాటకే మనం కరిగిపోతాం. ఇద్దరు అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఈ ప్రశ్న ఎవరైనా వేశారా?

ఇంకో మాట, మనలో మనం అనుకోవాల్సింది. పుట్టింట్లో ఆడపడుచులమైన మనమే అత్తింట్లో వదినలం. అక్కడ మనవారు తన చెల్లెలి ముందు కాగితం పెట్టినప్పుడు మనం కాఫీ కప్పు అందించి ఊరుకుంటున్నామా, లేక ‘ఆమె వాటా ఆమెకిద్దాం’ అంటున్నామా?

సంతకానికి ముందు

బస్సు పథకం ఒక ప్రభుత్వం ఇస్తే, ఇంకొకటి తీసేయొచ్చు. మన వాటా అలా పోదు. దాన్ని పోగొట్టగలిగింది చాలావరకు మన సంతకమే. అందుకని ముందు కాగితం కాపీ అడగండి. అది హక్కు విడుదల పత్రమా, గిఫ్టు దస్తావేజా, జీపీఏనా చూడండి. ఒక వారం గడువు అడగండి. ఒకసారి రిజిస్టరైతే దాన్ని రద్దు చేయించడం తేలిక కాదు. మోసమో, బలవంతమో జరిగిందని రుజువు చేయాలి. మోసం తెలిసిన మూడేళ్లలోగా కోర్టుకు వెళ్లాలి.

సలహాకు డబ్బులు లేవా? 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ న్యాయసహాయం ఉచితం. 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఈ ఉచితాన్ని వాడుకునేవాళ్లే తక్కువ!

అన్నీ తెలిసి, అన్నయ్య కష్టంలో ఉన్నాడని మనం వదులుకుంటే అది మన పెద్దమనసు. తెలియక వదులుకుంటే దాన్ని ఎవరూ లెక్కలో కూడా వేసుకోరు. ఇస్తున్నది ఎంతో లెక్కగట్టి చెప్పి మరీ ఇవ్వండి. అప్పుడైనా మన ఇళ్లలో ఎవరు ఎవరికి ఉచితంగా ఇస్తున్నారో తెలిసొస్తుంది.