జెండాలు మారినయ్, మన భూముల గోస మారలే

మునుగోడు రైతు సోదరులారా!

2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన కాంట్రాక్టు వ్యాపారి కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి, రాజీనామా చేస్తేనే అభివృద్ధి వస్తదని 2022 ఆగస్టులో పదవి వదిలి బీజేపీ జెండా పట్టారు. నవంబర్ 3న ఉప ఎన్నిక. మంత్రులు మన ఊళ్లలోనే మకాం వేశారు. 10,309 ఓట్లతో టీఆర్ఎస్ గెలిచింది. 2023లో ఆయన తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చి గెలిచారు.

ఇన్ని జెండాలు మారితే మనకు ఒరిగిందేమిటి? చౌటుప్పల్ పొలాల మీద గీసిన రీజినల్ రింగ్ రోడ్డు గీత చెరిగిందా? చర్లగూడెం రిజర్వాయర్ నిర్వాసితులకు ధర్నాలు తప్పాయా?

తప్పు ఒక్కరిది కాదు. ఏ పార్టీ అయినా డబ్బున్నోళ్లనే వెతికి టికెట్ ఇస్తోంది. ఎన్నికను పెట్టుబడిగా చూసేటోడు లాభమే లెక్కేస్తాడు. మన తప్పూ ఉంది. ఓటుకు నోటు తీసుకున్న చెయ్యి రేపు కాలర్ పట్టి అడగలేదు.

ఈసారి ఓటు అడగవచ్చినోళ్లను గ్రామసభలో నిలబెడదాం. రైతు ఒప్పుకోకుండా భూమి తీసుకోనియ్యమని, 2013 భూసేకరణ చట్టం ప్రకారమే పరిహారం ఇప్పిస్తామని కాగితం మీద రాయించి సంతకం పెట్టిద్దాం. పెట్టనోడికి మన ఓటు లేదు.