బ్యాటరీ పండ్లబ్రష్షు కొనదగినదేనా?

వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన దినములలో మా వసతిగృహమున నొక సందడి పుట్టినది. చెన్నపట్నమునకు పనికై పోయిన యొక విద్యార్థి తండ్రి, తిరిగి వచ్చుచు, కుమారునికి బ్యాటరీతో నడచు పండ్లబ్రష్షు తెచ్చి యిచ్చెను. మీట నొక్కగానే తుమ్మెదవలె మ్రోగు నా వస్తువును చూచుటకు ప్రతి యుదయమును కుళాయికడ బాలురు గుమిగూడుచుండిరి. వారము తిరుగకముందే మఱియొక బాలుని తల్లి మాయొద్దకు వచ్చి, "మాస్టరు బాబూ, మా గుంటడు రెండు రోజులై తిండి ముట్టలేదు. ఆ బ్రష్షు నిజంగా మంచిదేనా? మంచిదైతే అప్పుచేసైనా కొంటాను" అని యడిగినది. ఆమె పలాసలో జీడిపిక్కల పనిచేసి యిల్లు గడపుకొనుచున్నది. ఆమెకు నోటికి వచ్చిన యుత్తరము చెప్పి పంపివేయుటకు మాకు మనసొప్పలేదు.

విజయనగరమున గంటస్తంభము దాపున నొక యంగడిలో 250 రూపాయలకు అట్టిదాని నొకటి కొంటిమి. చేతితో తోముకొను సాధారణపు బ్రష్షు అదే యంగడిలో 30 రూపాయలు. కొన్నదానిని మొదట విప్పి చూచితిమి. ఉపాధ్యాయునకు ఈ దురలవాటు తప్పదు. లోపల నొక పెన్సిలు సెల్లు, వ్రేలి చివరంత మోటారు, దాని యిరుసునకు ఒక ప్రక్కకు ఒఱగునట్లు బిగించిన చిన్న లోహపు తునుక. మోటారు తిరుగునపుడు ఆ తునుక బరువు ఒకవైపే లాగుటచేత పిడి యంతయు వణకును; ఆ వణకు కుచ్చులకు ప్రాకును. అంతియే కాని కుచ్చు తనంతట తిరుగదు.

ఈ భేదమును కొనువారు గమనింపవలయును. విద్యుత్తుతో పండ్లు తోముట క్రొత్త సంగతి కాదు. స్విట్జర్లాండు దేశమున 1954లోనే బ్రాక్సోడెంటు అను యంత్రము పుట్టినది. 2014లో కోక్రేన్ సంస్థవారు 56 పరీక్షల ఫలితములను కూర్చి చూచి, యంత్రపు బ్రష్షు వాడినవారి పండ్లపై పాచి, మూడు నెలలు దాటినపిమ్మట, చేతిబ్రష్షు వాడినవారికంటె నూటికి 21 వంతులు తక్కువగా నుండెననియు, చిగుళ్ల వాపు 11 వంతులు తగ్గెననియు తెలిపిరి. అయితే వారికి దొరికిన నిదర్శనములలో ఎక్కువపాలు, గుండ్రని కుచ్చు ఇటునటు తిరుగునట్టి బ్రష్షులను గూర్చినవి. ఆ పేరు చెప్పి ఈ వణకుబ్రష్షును అమ్మజూచుట, పందెపు గుఱ్ఱము కీర్తిని జట్కాగుఱ్ఱము మెడకు తగిలించుట వంటిది.

మేమును మా నోటిమీద నొక పరీక్ష జరిపితిమి. ఒక వారము కుడివైపు పండ్లను చేతిబ్రష్షుతోను, ఎడమవైపు పండ్లను బ్యాటరీ బ్రష్షుతోను తోమి, మఱుసటి వారము వైపులు మార్చితిమి. తోమినపిమ్మట మిఠాయిలలో వాడు ఎఱ్ఱరంగును నీటిలో కలిపి పుక్కిలించి అద్దములో చూచితిమి. పాచి మిగిలినచోట రంగు పట్టును. మొదటి నాలుగు దినములు బ్యాటరీవైపు స్పష్టముగా మెఱుగై యుండెను. పిమ్మట గడియారము చేతబట్టి చూడగా రహస్యము బయటపడినది. నలువది యేండ్లకు పైబడియు, మేము చేతితో తోముకొనుచున్నది నలువది క్షణములు మాత్రమే! మ్రోత నిలిపివేయుటకు మనసొప్పక యంత్రమును మాత్రము రెండు నిమిషములు పట్టుకొని యుంటిమి. చేతిబ్రష్షునకును రెండు నిమిషములిచ్చిన దినమున, క్రిందిపండ్ల వెనుకప్రక్క తప్ప, రెండువైపులకును భేదము కానరాలేదు. ఒక్క నోటి పరీక్ష లోకమునకు ప్రమాణము కాదు గాని, మా సంశయమునకు అది చాలినది.

మూడవ నెలలో అడుగు మూతగుండ నీరు దిగి, లోపలి తీగచుట్టకు తెల్లని పొడి పట్టి, యంత్రము ఆగిపోయినది. అంతకుముందే సెల్లు బలము దినదినమునకు తగ్గుచు వచ్చినను మా చెవికి తెలియలేదు. అరిగిన కుచ్చును మార్చుకొందమన్న, అది విడిగా రాదని యంగడివాడు చెప్పెను. కావున 250 రూపాయలనునది ఒక్కసారి వ్యయము కానేకాదు. అయిపోయిన సెల్లులు చెత్తకుప్పలో పడుచున్నవి. వాడిన బ్యాటరీలను సేకరించు బాధ్యత తయారుచేయువారిదేయని 2022 నాటి నిబంధనలు చెప్పుచున్నను, మా వీధిలో వాని కొఱకు పెట్టె యొక్కటియు లేదు.

ఇంతచెప్పియు మేము రెండవ బ్రష్షును కొంటిమి. ఇది మాకు కాదు, మా తల్లిగారికి. నిరుడు పక్షవాతము తగిలినది మొదలు ఆమె కుడిచేయి సన్నని వస్తువును పట్టజాలదు. కోడలే ఆమె పండ్లు తోముచుండెను. అందుకు ఆమె పడిన సిగ్గు మాకు తెలియును. సాధారణపు బ్రష్షు పిడికి గుడ్డపేలిక చుట్టి యిచ్చి చూచితిమి. పట్టుకొనగలిగెను గాని మణికట్టు ఆడింపజాలకపోయెను. బ్యాటరీ బ్రష్షు పిడి లావు. ఆడించు పని దానిదే. చేయి దానిని పంటికి ఆనించి మెల్లగా జరిపిన చాలును. మొదటినాడు ఆమె పెరటి అరుగుమీద కూర్చుండి తోముకొనుచు, కోడలు చేయి చాపగా, వలదని తల యూపినది. ఆ యింట ఆ వస్తువునకు 250 రూపాయలు అధికమని మేమనజాలము.

పలాస తల్లికి మాత్రము కొనవలదనియే చెప్పితిమి. మెత్తని కుచ్చుగల 30 రూపాయల బ్రష్షు, పది లక్షల పాళ్లకు 1000 పాళ్లకు తక్కువకాని ఫ్లోరైడు గలదని గొట్టముపై వ్రాసియున్న పేస్టు, ఉదయమున రెండు నిమిషములు, రాత్రి భోజనమైన పిమ్మట రెండు నిమిషములు: బాలునికి ఇవి చాలునంటిమి. ఇటుకపొడి, బొగ్గుపొడి మానుడనియు, అవి పంటిపై మెఱుగును అరుగదీయుననియు చెప్పితిమి.

ఆమె మాటాడుచుండగా చుట్టవాసన వచ్చినది. అడుగగా, తన తల్లివలెనే తానును అడ్డపొగ త్రాగుదునని చెప్పినది. నిప్పును నోటిలోపల నుంచుకొను ఈ యలవాటు అంగిలి నేమి చేయునో మన జిల్లాకు తెలియని సంగతి కాదు. శ్రీకాకుళము పల్లెలలో 10,169 మంది నోళ్లను పరీక్షించి వ్రాసిన పరిశోధన 1971లోనే బ్రిటిషు క్యాన్సరు పత్రికయందు వెలువడినది. ఏ బ్రష్షును అంగిలికి కాపుదల కాదు. బ్రష్షునకై అప్పుచేయదలచిన సొమ్ములో కొంత బస్సు ఛార్జీకి పెట్టి, శ్రీకాకుళము ప్రభుత్వ వైద్యశాలలో దంతవైద్యునికి నోరు చూపవలసినదని కోరితిమి. "సోమవారం ఎలతాను బాబూ" అని చెప్పి వెళ్లినది.

ఆమె కుమారుడిప్పుడు అన్నము తినుచున్నాడు. ఆ మొదటి బాలుని బ్రష్షులో సెల్లు అయిపోగా, దానితోనే చేతితో తోముకొనుచున్నాడు. రెండు సోమవారములు గడచినవి. తల్లి యింకను వైద్యశాలకు పోలేదని కుమారుడు చెప్పుచున్నాడు. ఈ శనివారము మేమే పలాస పోవుదుము.