మిగతా 75 సీట్లు ఎవరివి?



పోయిన భాగం చదివి ఫోన్ చేసినవాళ్ళలో సగం మంది మెడికల్ సీట్ల గురించే అడిగారు. ఇద్దరు తమ్ముళ్ళైతే, ఒకరు మాల, ఒకరు మాదిగ, వర్గీకరణ తర్వాత ఎవరి వాటా ఎంతో లెక్క తేల్చమన్నారు. తేలుస్తాను. ఆ లెక్క వేస్తుంటే ఇంకో లెక్క బయటపడింది. నాకు నిద్రపట్టనిది అదే.

150 ఎంబీబీఎస్ సీట్లున్న ఒక ప్రైవేటు కాలేజీని తీసుకోండి. మన రాష్ట్రంలో మైనారిటీయేతర కాలేజీలో సగం, అంటే 75, ఏ కేటగిరీ. కన్వీనర్ కోటా అంటాం. ఏడాదికి 60 వేల ఫీజు, రిజర్వేషన్ ఉంటుంది. ఇంకో 35 శాతం బీ కేటగిరీ, మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు ఏడాదికి 11.55 లక్షల దగ్గర మొదలవుతుంది. మిగిలిన 15 శాతం ఎన్ఆర్ఐ కోటా, ఆ ఫీజుకు రెండింతల దాకా. బీ, సీ కేటగిరీల్లో ఎస్సీకి, ఎస్టీకి, బీసీకి ఒక్క సీటూ రిజర్వు కాదు.

ఇప్పుడు ఎస్సీల 15 శాతం. 75లో 15 శాతమంటే 11 సీట్లు. (ఓపెన్‌లో ర్యాంకు కొట్టి వచ్చేవాళ్ళు వేరే, వాళ్ళు ఎవరి దయా లేకుండా వస్తారు.) 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకొచ్చిన చట్టం ఈ 15ని మూడు గ్రూపులుగా పంచింది: ఒకటో గ్రూపుకు 1, రెండో గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5. ఆ 75 మీద లెక్కేస్తే ఒకటో గ్రూపుకు ముప్పావు సీటు, రెండో గ్రూపుకు దగ్గర దగ్గర 7, మూడో గ్రూపుకు 4కు కొంచెం తక్కువ. వర్గీకరణ న్యాయమైన డిమాండని ముందు నుంచీ రాస్తున్నాను, ఇప్పుడూ అదే మాట. కానీ తమ్ముళ్ళూ, 11 సీట్ల మీద అన్నదమ్ములం తలలు పగలగొట్టుకుంటుంటే, పక్కనే ఉన్న 75 సీట్ల జోలికి మనలో ఎవరైనా పోయామా? 150 మీద 15 శాతం లెక్కేస్తే మనకు 22 వస్తాయి. వాటాల గొడవ 11 మీద చేయడం వేరు, 22 మీద చేయడం వేరు.

"ప్రైవేటులో రిజర్వేషన్ కుదరదు కదా సార్" అని మా డిగ్రీ విద్యార్థులే అంటారు. ఎవరు చెప్పారు? 2005 ఆగస్టులో ఇనాందార్ కేసులో సుప్రీంకోర్టు అన్నది ఆ మాట. దాని మీద పార్లమెంటు 93వ రాజ్యాంగ సవరణ తెచ్చింది. 2006 జనవరి నుంచి 15(5) అధికరణం రాజ్యాంగంలో ఉంది. ఎయిడ్ లేని ప్రైవేటు కాలేజీల్లోనూ ప్రవేశాలకు ప్రత్యేక ఏర్పాటు చేయొచ్చు, మైనారిటీ సంస్థలకు మినహాయింపు, చేయాల్సింది చట్టం ద్వారా. 2014 మేలో ప్రమతి కేసులో ఐదుగురు జడ్జీల బెంచ్ ఆ అధికరణం చెల్లుతుందని తేల్చేసింది. అంటే తలుపు తీసి ఉంది. ఇరవై ఏళ్ళుగా గడప దాటనిది ప్రభుత్వాలే. 2025లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా దీనికి చట్టం చేయమని సిఫారసు చేసింది.

రాష్ట్రానికి ఆ సీట్ల మీద అధికారం లేదనే మాట కూడా వినొద్దు. 2022లో ఇదే తెలంగాణ ప్రభుత్వం బీ కేటగిరీలో 85 శాతం స్థానికులకే అని ఉత్తర్వులిచ్చింది. మంచి పనే చేసింది. స్థానికత కోసం మేనేజ్‌మెంట్ కోటాలో చెయ్యి పెట్టగలిగిన సర్కారుకు, కులం అనేసరికి చెయ్యి పడిపోయిందా?

ఇక మెరిట్. మన పిల్లలకు సీటొస్తే కొలత పట్టుకుని వచ్చేవాళ్ళు కొన్న సీటు దగ్గర ఆ కొలత ఎక్కడ పెడతారు? 2024 నీట్‌లో జనరల్ అర్హత మార్కు 720కి 162. నూటికి ఇరవై రెండున్నర. ఆ గీత దాటి, జేబులో డబ్బున్నవాడికి ఎన్ఆర్ఐ కోటాలో ప్రయత్నించే అర్హత ఉంది. 2023లో పీజీ సీట్లు మిగిలిపోతున్నాయని నీట్ పీజీ అర్హతను అన్ని కేటగిరీలకూ సున్నా పర్సంటైల్‌కు దించారు. సున్నా! పరీక్ష రాసిన ప్రతివాడూ అర్హుడే. అప్పుడు ఏ టీవీ చర్చలోనూ "ఇలాంటి డాక్టర్ల చేతిలో రోగులు ఏమవుతారు" అని ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోలేదు.

సీట్ల బజారు మనకు దూరమేమీ కాదు. 2022లో ప్రజాకవి కాళోజీ పేరున్న హెల్త్ యూనివర్సిటీయే వరంగల్ పోలీసులకు ఫిర్యాదు చేసింది: వేరే రాష్ట్రాల్లో మంచి ర్యాంకులొచ్చిన విద్యార్థుల పేర్లతో, వాళ్ళకు తెలియకుండానే, ఇక్కడ పీజీ సీట్లకు దరఖాస్తులు పెడుతున్నారని. 2023 జూన్‌లో ఈడీ సోదాలు చేసింది. చివరి విడత దాకా సీటును అలా పట్టి ఉంచి, ఖాళీగా చూపించి, తర్వాత అమ్ముకున్నారన్నది ఆరోపణ.

మా ధర్మసాగర్ వాడలో ఒక అమ్మాయి ఉంది. గురుకులంలో చదివింది. ఇంటర్ తర్వాత మొదటిసారి నీట్‌లో సీటు రాలేదు. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, "తమ్మీ, ఇంకొక్క యేడు చదువుతనంటది. హన్మకొండల లాంగ్‌టర్మ్‌కు లక్షన్నర అడుగుతున్నరు. సంఘంల లోనెత్తాల్నా?" అంది. ఎత్తమన్నాను అక్కను. రెండోసారి, మా కేటగిరీలో చివరి సీటొచ్చిన మార్కులకు 18 తక్కువొచ్చాయి. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. నర్సింగ్ చిన్నదని కాదు నేననేది. మనకున్నది 11 కాక 22 అయ్యుంటే, ఆ 18 మార్కులు అడ్డం నిలిచేవా? లోన్ కిస్తీ మాత్రం నెలనెలా కడుతూనే ఉన్నారు.

"సర్కారు కాలేజీలు పెంచాం కదా" అంటారు. నిజమే. తెలంగాణ వచ్చినప్పుడు 5 ఉన్నవి 34 అయ్యాయి. మన చుట్టూ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు, నర్సంపేట. మన పిల్లలకు అసలు మేలు జరిగింది అక్కడే, దాన్ని కాదనను. అయితే గోడలు లేచినంత వేగంగా ప్రొఫెసర్లు రాలేదు. సర్కారు కాలేజీ సీటు కూడా శాశ్వతంగా మనదనుకోకండి. ఆంధ్రాలో 2023లో 107, 108 జీవోలతో కొత్త ప్రభుత్వ కాలేజీల్లోనే సెల్ఫ్ ఫైనాన్స్ సీటు 12 లక్షలకు, ఎన్ఆర్ఐ సీటు 20 లక్షలకు పెట్టారు. ప్రభుత్వం మారాక 2025లో పది కాలేజీలను పీపీపీ పద్ధతికి ఇవ్వాలని నిర్ణయించారు. జెండాలు వేరు, దారి ఒకటే. ఇటు మన దగ్గర ప్రైవేటు కాలేజీ డీమ్డ్ హోదా తెచ్చుకుందంటే ఆ 75 కన్వీనర్ సీట్లు కూడా చేజారిపోతాయి.

పక్కన తమిళనాడును చూడండి. 2017లో అరియలూరు దళిత బిడ్డ అనిత చనిపోయింది. పన్నెండో తరగతిలో 1200కు 1176 తెచ్చుకుని కూడా నీట్ వల్ల సీటు రాని పిల్ల. ఆ రాష్ట్రంలో నీట్ వ్యతిరేక పోరాటం ఆగలేదు. 2020లో ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం ప్రత్యేకంగా ఇస్తూ చట్టం చేశారు. మన జిల్లా పరిషత్ బడి పిల్లకు, గురుకులం పిల్లకు అలాంటి చట్టం ఎందుకు లేదని ఏ ఎమ్మెల్యేనైనా అడిగామా? తెలుగులో నీట్ రాయొచ్చంటారు. రాయొచ్చు. తెలుగులో లాంగ్‌టర్మ్ ఎక్కడ చెబుతున్నారో చూపించమనండి.

అడగాల్సినవి రెండు. 15(5) కింద బీ కేటగిరీలో రిజర్వేషన్‌కు రాష్ట్ర చట్టం, ఆ సీట్లకు ప్రభుత్వమే ఫీజు భరించడం. ప్రభుత్వ బడి, గురుకులం పిల్లలకు తమిళనాడు తరహా కోటా.

దానికి ముందు అంకెలు కావాలి. ఆర్టీఐ దరఖాస్తు నమూనా రేపు ఇక్కడే పెడతాను: గత ఐదేళ్ళలో ప్రతి ప్రైవేటు కాలేజీ బీ, సీ కేటగిరీల్లో చేరిన విద్యార్థుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీలు ఎంతమంది, చివరి సీటు ఎన్ని మార్కులకు ఇచ్చారు. పంపాల్సింది కాళోజీ యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి. ఫీజు 10 రూపాయలు, పేదరికపు రేఖకు దిగువనున్న వాళ్ళకు అదీ లేదు. కేయూ హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సోమవారంలోగా కనీసం ఇరవై దరఖాస్తులు వేయండి. నాది ఇవాళ వేశాను.