మందుకు తూకం ఉంది, తాగే నీటికేదీ?

తిరువూరు: ఒక పదార్థం విషమా, ఔషధమా అన్నది మోతాదును బట్టి తేలుతుందన్నది వైద్యంలో పాత మాట. పాషాణం విషయంలో ఇది అక్షరాలా నిజం. చదువుకున్నవారు ఆర్సెనిక్ అని పిలిచే ఈ పాషాణమే నేడు పెద్దాసుపత్రులలో ఒక రకం రక్త క్యాన్సరుకు మందు. అదే తాగే నీటిలో చేరితే క్యాన్సరుకు కారణం. మందుకు తూకం ఉంది, చూసే డాక్టరు ఉన్నాడు. నీటిని చూసేవారెవరన్నదే ప్రశ్న.

1970లలో చైనాలోని హార్బిన్ నగర వైద్యులు ఆర్సెనిక్ ట్రయాక్సైడును ఈ రక్త క్యాన్సరుకు వాడి మంచి ఫలితం చూశారు. 2000లో అమెరికా ప్రభుత్వం కూడా దానికి అనుమతి ఇచ్చింది. ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసిన ఆ జబ్బు, సకాలంలో ఆసుపత్రికి చేరితే నేడు ఎక్కువ మందిలో నయమవుతున్నది. అయితే ఆ మందు గుండె లయను తప్పించగలదు. అందుకే రోగి బరువును బట్టి మోతాదు కట్టి, గుండెకు ఇ.సి.జి. తీస్తూ, రక్తంలో లవణాలు చూస్తూ ఎక్కిస్తారు.

నీటి సంగతి వేరు. పశ్చిమ బెంగాల్‌లో చెరువు నీటితో విరేచనాలు వస్తున్నాయని బోర్లు వేసుకున్నారు. నీళ్లు తేటగా వచ్చాయి. తరువాత అరచేతులు గట్టిపడి, ఒంటిపై మచ్చలు లేచిన రోగులు బయటపడ్డారు. ఇది నీటిలోని ఆర్సెనిక్ వల్లనేనని 1983లో కలకత్తా వైద్యుడు కె.సి. సాహా గుర్తించారు. ఏళ్ల తరబడి అటువంటి నీరు తాగితే చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయాలకు క్యాన్సర్ రావచ్చు. లీటరు నీటిలో మిల్లీగ్రాములో నూరో వంతుకు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది.

ఇది బెంగాల్ గొడవ, మనకెందుకు అనుకోరాదు. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ దిగువన నక్కవాగు పరిసరాల నీటిలో ఆర్సెనిక్‌ను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఫ్లోరైడ్ పీడ దేశంలో మొదట నమోదైంది 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో. తిరువూరు పక్కనే ఎ.కొండూరు మండల తండాలలో ఇంటికొక కిడ్నీ రోగి అన్నట్లుగా కుటుంబాలు కుంగిపోయాయి. బోరు నీటిపైనే అక్కడివారి అనుమానం. కారణం ఒకటా, పలు కారణాలా అన్నది శాస్త్రం తేల్చవలసిన సంగతి. కాని జబ్బు ముదిరాక నీటి మాట ఎత్తడం, ఇల్లు కాలాక బావి తవ్వడమే.

ఈ ప్రాంతంలో కిడ్నీకీ, క్యాన్సర్ మందుకూ మరో లంకె ఉంది. భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనల నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. పిల్లల రక్త క్యాన్సరులో ఎందరినో కాపాడిన మందు అది. కీళ్లవాతానికి కూడా దానినే చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. పొరపాటున రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. అది ఒంట్లోనుంచి బయటికి పోయేది ముఖ్యంగా కిడ్నీల ద్వారానే. కిడ్నీ చెడినవారిలో అది నిలిచిపోయి విషమవుతుంది. నొప్పి బిళ్లలు దుకాణంలో అడిగి మింగే అలవాటు ఈ ముప్పును పెంచుతుంది. కనుక క్యాన్సర్ మందు మొదలుపెట్టేముందు కిడ్నీ పరీక్ష జరిగిందా లేదా అని రోగి బంధువులు అడిగి తెలుసుకోవాలి. ఆ ప్రశ్న అడగడం డాక్టరును శంకించడం కాదు.

అలాగని భయపడి చికిత్స మధ్యలో మానుకోవడం అంతకంటే పెద్ద ప్రమాదం. జుట్టు ఊడడం, వాంతులు చాలావరకు తగ్గిపోయేవే. కాని కీమో ఎక్కించిన తరువాతి రోజులలో తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరం వస్తే, బిళ్ల వేసుకుని తెల్లవారేదాకా ఆగరాదు. విజయవాడ డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఈ ప్రాంతంలో ఒక రాత్రి ఆలస్యం ప్రాణం మీదికి తేవచ్చు. బస్సు వేళలు చూసుకోక, బండి మాట్లాడుకుని వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. భస్మాలు ఇచ్చి కుదురుస్తామనేవారి మాట నమ్మి ఇంటి దగ్గర ఉండిపోరాదు. ఆ భస్మంలో ఏ పాషాణం ఎంత ఉందో తూచి చెప్పేవారుండరు.

2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలని ఉంది. పెట్టెతో ఊళ్లో చేసే ఆ పరీక్షతోనే సరిపెట్టక ఆర్సెనిక్, ఫ్లోరైడ్, భారలోహాల కోసం నమూనాలను ప్రయోగశాలకు పంపాలి. వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి ప్రతి బోరునూ చూడాలి. ఫలితాలు కాగితాలలో మగ్గిపోకుండా తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలి. చెడ్డ బోరుకు ఎర్ర రంగు వేసి, ఆ రోజే వేరే నీరు అందించాలి.

మందు సీసా మీద ఎంత మోతాదో రాసి ఉంటుంది. బోరు మీద ఏమీ రాసి ఉండదు. ఆ రాత రాయించే పూచీ గ్రామసభలది, అధికారులది.