అయిదు నొక్కితే పలకదు

మొన్నామధ్య మా ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ మొరాయించింది. పూర్తిగా కాదు లెండి. గడియారం వెలుగుతోంది, స్టార్ట్ నొక్కితే లోపల పళ్ళెం తిరుగుతోంది. కొన్ని అంకెలు మాత్రం ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మనం ఇంజినీర్లం కదా, ప్లగ్ పీకి పది నిమిషాలాగి మళ్ళీ పెట్టాను. మనకి తెలిసిన మొదటి వైద్యం అదేగా! లాభం లేకపోయింది. చైల్డ్ లాక్ పడిందేమో అనుకున్నా. అలా అయితే అన్ని బటన్లూ చచ్చుబడాలి. అదీ కాదు.

సర్వీసు కుర్రాడొచ్చాడు. నాలుగు బటన్లు నొక్కి చూసి, "ప్యానెల్ పోయింది సార్, మొత్తం మార్చాలి, 3,400 అవుతుంది. ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది" అన్నాడు. స్క్రూ విప్పలేదు, మీటరు తియ్యలేదు. వచ్చినందుకు 400 తీసుకుని వెళ్ళిపోయాడు. నేనూ బుద్ధిగా కొత్తవాటి రేట్లు చూడ్డం మొదలెట్టాను.

మా అమ్మ ఊరుకోలేదు. "ఒరేయ్, అన్నీ పోలేదురా. 2, 5, 8, 0.. ఈ నాలుగే. నిలువుగా ఒకే వరస, చూడు" అంది. నాలుగు రోజుల్నుంచీ ఆవిడ గమనిస్తోందట. పాలకి ఒక నిమిషం పెట్టాలంటే సున్నా లేదు కాబట్టి, 1 మూడుసార్లు నొక్కి నిమిషం పదకొండు సెకన్లు పెట్టుకుంటోంది! మన భాషలో చెప్పాలంటే వర్కరౌండ్ కూడా ఆవిడే కనిపెట్టేసింది.

అప్పుడు వెలిగింది నాకు బల్బు. కాలేజీలో మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో చేసిందే కదా ఇది. కీప్యాడ్‌లో ఒక్కో బటన్‌కి ఒక్కో వైరు ఉండదు. అడ్డంగా కొన్ని గీతలు, నిలువుగా కొన్ని గీతలు. 5 అడ్డగీతలు, 5 నిలువుగీతలు ఉంటే 10 వైర్లతో 25 బటన్లు నడిపించొచ్చు. బటన్ నొక్కితే ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కలుస్తాయి. కంట్రోలర్ ఒక్కో గీత మీద సిగ్నల్ పంపుతూ, అది ఏ గీతలో తిరిగొచ్చిందో చూసి ఏ బటనో తెలుసుకుంటుంది.

కాబట్టి లక్షణమే సగం రోగం చెప్పేస్తుంది. ఒక్క బటనే పోతే ఆ బటన్ కింద అరుగుదల. స్టార్ట్ ఒక్కటే పనిచెయ్యకపోతే ముందు తలుపు దగ్గర స్విచ్‌ని అనుమానించాలి, ఎందుకంటే తలుపు సరిగ్గా పడలేదనుకుంటే ఓవెన్ మొదలవ్వదు. ఒక వరస మొత్తం పోతే ఆ వరసకున్న ఉమ్మడి గీత ఎక్కడో తెగిందన్నమాట. ప్యానెల్ మీద కనిపించే వరసలే లోపల కూడా ఉండాలన్న రూలేం లేదు. మా అదృష్టం, ఇక్కడ కలిసొచ్చింది.

తెగింది ఎక్కడ? కీప్యాడ్‌లోనా, దాన్నుంచి బోర్డుకెళ్ళే రిబ్బన్ కేబుల్ గుచ్చేచోటా, బోర్డులోనా? తేల్చడానికి మూత విప్పాలి. అక్కడ నేను ఆగిపోయాను, మీరూ ఆగండి. ఓవెన్‌లో కెపాసిటర్ వేల వోల్టుల మీద పనిచేస్తుంది, ప్లగ్ తీసేసినా ఛార్జి నిలిచే ఉండొచ్చు. సరదాకి వేలు పెట్టే వస్తువు కాదది.

కూకట్‌పల్లిలో పాత టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ముందు కెపాసిటర్ డిశ్చార్జి చేశాడు. రిబ్బన్ ఊడదీసి, మీటరు పిన్నులు పెట్టి, నన్ను 5 నొక్కమన్నాడు. రీడింగ్ వచ్చింది. 2, 8, 0 కూడా వచ్చాయి. "కీప్యాడ్ బంగారంలా ఉంది బాబూ" అన్నాడు. రిబ్బన్ కొసని స్పిరిట్‌తో తుడిచి, కనెక్టర్ శుభ్రం చేసి, గట్టిగా గుచ్చాడు. అంతే, అయిదు పలికింది! 250 తీసుకున్నాడు.

ఇక్కడ సర్వీసు కుర్రాణ్ణి తిట్టుకోవడం తేలిక. కానీ రోజుకి ఇన్ని కాల్స్ ముగించాలని వాడి మీద ఒత్తిడి ఉంటుంది కదా. అయినా మనం చేసేదేంటి? పోయిన నెల ఒక యూజర్ పెట్టిన టికెట్‌ని నేను సర్వర్ రీస్టార్ట్ చేసి మూసేశాను. అది మూడుసార్లు తిరిగొచ్చింది. ఆయన మొదటి మెయిల్‌లోనే రాశాడు, "నెలాఖరు రోజునే ఇలా అవుతోంది" అని. నేను చదవలేదు. మా అమ్మ చెప్పిన "నిలువు వరస" లాంటిదే అది. తేదీల లెక్కలో తప్పని చివరికి తేలింది.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. మాన్యువల్, విడిభాగాలు దొరకాలి. కానీ నా ఉద్దేశంలో అంతకన్నా ముందు కావాల్సింది, మార్చేసే ముందు ఒక్కసారి కొలిచి చూసే అలవాటు. హక్కు ప్రభుత్వం ఇవ్వగలదు, ఓపిక ఇవ్వలేదు కదా!

మీ ఇంట్లో ఏదైనా మొరాయిస్తే, కొత్తదాని రేటు చూసేముందు ఏది పనిచేస్తోందో, ఏది చెయ్యట్లేదో ఒక కాగితం మీద రాయండి. రోజూ దాన్ని వాడేవాళ్ళని అడగండి. చాలాసార్లు జవాబు వాళ్ళ దగ్గరే ఉంటుంది, మనమే అడగం.

అన్నట్టు, మా అమ్మ ఇప్పటికీ 1-1-1 నొక్కుతోంది. అలవాటైపోయిందట.