బలహీనులమే, అయితే ఏంది?

మూడు నోళ్ళకు ఒకేసారి జవాబు చెప్పాల్సొచ్చింది. 'గంజికి మతం అమ్ముకున్నోళ్ళు' అని ఎగతాళి చేసే అగ్రవర్ణపు నోరు ఒకటి. 'మతం మత్తుమందు, బయటికి రండి' అని బుద్ధులు చెప్పే ఉద్యమాల నోరు ఇంకొకటి. 'బలహీనతలోనే బలముంది, ఓర్చుకోండి' అని ఆదివారం ఆదివారం ఓదార్చే నోరు మూడోది. మూడూ వేరువేరుగా మాట్లాడినట్టే ఉంటాయి. లోపల ఉండే మాట ఒకటే: మాదిగోళ్ళకు సొంతంగా ఆలోచించే తెలివి లేదు.

నాది యాడికి. అనంతపురం జిల్లా. ప్రభుత్వ బడిలో టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. బలహీనత అంటే ఏందో నాకు ఎవరూ ప్రసంగం చేసి చెప్పాల్సిన పని లేదు. వాన ఎగ్గొడితే శెనక్కాయ చేను ఎండుతుంది. చేను రెడ్డిదే, ఆకలి మాత్రం కూలిదానిది. రెడ్డి నష్టాన్ని బ్యాంకు రాసుకుంటుంది, ఇన్సూరెన్సోళ్ళు రాసుకుంటారు. మాయమ్మకు పని దొరకని దినాలను ఎవరు రాసుకున్నారు? మా బలహీనత దేవుడు పెట్టింది కాదు. భూమి లేకుండా చేసి, బావి దగ్గరికి రానీయక, బడికి దూరం పెట్టి మనుషులు చేసింది. ఈ సంగతి తేల్చకుండా బలహీనతను పొగిడే బోధ నాకొద్దు.

ఇంక గంజి సంగతి. తోలు పని చేసే మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య 1866లోనే బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి ధాత కరువుకు ఇంకా పదేళ్ళుంది. ఆయన తన కులపోళ్ళ మధ్య ఊరూరు తిరిగి చెప్పినాడు. ఆ చెప్పిన మాటకు రేటు కూడా ఉండింది. చచ్చిన గొడ్డును తినం, ఆదివారం పని చెయ్యం, ఊరి దేవర ముందర తప్పెట కొట్టం అన్నందుకు ఊళ్ళు మావాళ్ళ మీద పగబట్టినాయి. గంజికి ఆశపడేటోళ్ళు ఊరితో పగ పెట్టుకుంటారా?

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు పట్టినాడు. మావాళ్ళు మన్ను తవ్వి కూలి తీసుకున్నారు. కూటికోసం వచ్చినారనే మాట రాకూడదని ఆయన కరువులో నెలల తరబడి బాప్తిస్మాలే ఆపేసినాడు. కాలువ పని అయిపోయి, సాయం ముగింపుకొస్తున్నప్పుడు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినమే 2,222 మంది నీళ్ళలోకి దిగినారు. గంజే కావాల్సుంటే గంజి ఆగేటప్పుడు ఎందుకొచ్చినట్టు?

అంతకుముందు ఇంకొకటి జరిగింది. ఒంగోలు అగ్రవర్ణాల పిల్లలు క్లౌ బడికి వచ్చేవాళ్ళు. మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు ఎదురైందని మిషను చరిత్ర చెప్తుంది: కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. లోకం లెక్కచెయ్యనోళ్ళను దేవుడు ఏరుకున్నాడనే మాట. వాళ్ళు మాదిగలనే ఎంచుకున్నారు. అగ్రవర్ణాల పిల్లలు బడి వదిలిపోయినారు.

అయితే ఆ వాక్యంలో సగమే మా ప్రసంగాల్లో వినబడుతుంది. ఎందుకు ఏరుకున్నాడనేది రెండో సగం. బలవంతులను సిగ్గుపరిచేదానికి! ఓర్చుకొమ్మని ఆ వాక్యం యాడా చెప్పలేదు.

మాయమ్మకు అక్షరం రాదు. రెడ్డి వాకిట్లో తలెత్తి ఎరగదు. అదే మాయమ్మ చర్చిలో లేచి నిలబడి, నలుగురి ముందర గొంతెత్తి ప్రార్థన చేసేది. దేవునితో మాట్లాడేదానికి పూజారి అక్కర్లేదని తెలిసిన మనిషికి, రెడ్డితో మాట్లాడేదానికి పెద్దమనిషి అక్కర్లేదని తెలిసేదానికి ఎక్కువ కాలం పట్టలేదు. శెనక్కాయ పెరికే కాలంలో మొగోళ్ళతో సమానంగా కూలి అడిగిన ఆడోళ్ళలో ముందు నిలబడింది మాయమ్మే. సమానం రాలేదు, ఐదు రూపాయలు పెరిగింది. మత్తులో ఉండేటోళ్ళు కూలి లెక్క అడుగుతారా అన్నా? అంబేద్కర్ కూడా 1956లో నాగపూర్‌లో జనాన్ని మతం లేనిచోటికి తీసుకుపోలేదు, బౌద్ధంలోకి తీసుకుపోయినాడు. మనిషి తలెత్తేదానికి ఒక ఆసరా కావాలని ఆయనకు తెలుసు.

ఆ ఆసరా పట్టుకున్నందుకు ప్రభుత్వం వేసిన శిక్ష చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానోడు ఎస్సీ కాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీసినారు. మాకు తియ్యలేదు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై, చెప్పులు కుట్టేవాళ్ళకిచ్చే ఉచిత బంకు తనకివ్వలేదని సుప్రీంకోర్టుకు పోయినాడు. మతం మారినాక కూడా అదే వెనకబాటు ఉందనేదానికి ఆధారాలు చాలవని 1985లో కొట్టేసినారు. సూది మారలేదు, తోలు మారలేదు, రోడ్డు మారలేదు. ఇంకేం ఆధారం కావాల?

నా సర్టిఫికెట్టులో బీసీ-సీ అని ఉంటుంది. మొత్తం ఒక్క శాతం. మా చిన్నమ్మ పిల్లలది హిందూ మాదిగ. రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. మా చిన్నప్పుడు టీ అంగట్లో రెండిళ్ళోళ్ళకూ ఒకే వేరే గ్లాసు. ఆ గ్లాసు మా మతం అడగలేదు. యేసు పేరును కాగితంలో దాచుకునేటోళ్ళను నేను తప్పు పట్టను. దాచుకునేటట్టు చేసిన చట్టమే దోషి.

మూడో పేరా తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు మాత్రం, కులం పేరుతో తిట్టి కొట్టినారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవం తీసుకున్నోనికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. కొట్టేటోనికి కనబడే కులం కోర్టుకు కనబడలేదు.

చర్చి పెద్దలకూ ఒక మాట. రెడ్డి క్రైస్తవుడు, కమ్మ క్రైస్తవుడు, మాల క్రైస్తవుడు, మాదిగ క్రైస్తవుడు అని బల్లలు వేరుచేసుకుని, అందరం క్రీస్తులో ఒకటేనని పాడితే ఆ పాట ఎవరు నమ్మాల? ముందు మీ ఇంట్లో సంబంధం కలుపుకోండి.

మేం బలహీనులమే. అట్లే ఉండిపొమ్మని మాకు ఎవరూ చెప్పబళ్ళేదు. సిలువ మీద చచ్చినోడు మూడో దినం లేచినాడని నమ్మే జనం మేం. శుక్రవారం దగ్గరే ఆపి మమ్మల్ని ఏడిపించే బోధ మాకొద్దు. మూడో పేరా పోవాల, కూలి సమానం కావాల, శ్మశానంలో గోడ కూలాల. అంతవరకూ మా ప్రార్థన మోకాళ్ళ మీదే కాదు, రోడ్డు మీద కూడా ఉంటాది.